ఆరోగ్య వేదిక: తొలి కీమోథెరపీ – వెళ్ళేముందు, వచ్చిన తరువాత

ఈ శీర్షికలో ఇంతవరకు రక్తపోటు, మధుమేహం, కీళ్ళనొప్పులు మొదలైన వాటిని గురించి ముచ్చటించుకున్నాము. ఈ నెల మేము ఎన్నుకున్న విషయం కొంచెం బరువైనది. కాన్సర్‌ను గురించి మన కార్యాలయాలలోనూ కాలనీలలోనూ గొంతు తగ్గించి మాట్లాడుకోవడం పరిపాటి. "వారింట్లో ఆవిడకు ఒంట్లో బాగుండడం లేదట" అని ఊరుకుంటారు. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉన్నదనో, ఊళ్ళో ఉన్న ముసలి తల్లిదండ్రులు తట్టుకోలేరనో, పదిమంది పది రకాల సలహాలు చెప్పి వేధిస్తారనో విషయం బయటికి పొక్కనివ్వరు. వారి బాధ వారిది. దానిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ ఈ గోప్యత వలన ఒక నష్టమున్నది. ఆ దారిలో నడిచి వచ్చినవారు పక్క క్వార్టరులోనే ఉన్నా, కొత్తగా ఆ దారి పట్టినవారికి నాలుగు మాటలు చెప్పే అవకాశం ఉండదు. తొలి కీమోథెరపీ నాటి భయంలో సగభాగం ఏమి జరుగుతుందో తెలియకపోవడం వలన కలిగేదే. ఆ సగాన్నయినా తగ్గించాలనే సంకల్పంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము. చికిత్స ముగించుకొని తిరిగి విధులకు హాజరవుతున్న కొందరు సహోద్యోగులు, వారి కుటుంబసభ్యులు చెప్పిన సంగతులు కూడా ఇందులో చేర్చాము. వారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

మన భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

కీమోథెరపీ అనగా మందులతో చేసే చికిత్స. ఇందులో వాడే చాలా మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. కాన్సర్ కణాలు అటువంటివే. అయితే మన శరీరంలో వేగంగా విభజన చెందే మంచి కణాలు కూడా ఉన్నాయి: వెంట్రుకల కుదుళ్ళు, నోటిలోని పొర, ప్రేగుల లోపలి పొర, రక్తకణాలను తయారుచేసే ఎముకల మూలుగ. అందుకే జుట్టు ఊడడం, నోరు పూయడం, విరేచనాలు, రక్తకణాలు తగ్గడం వంటి ఇబ్బందులు కలుగుతాయి. ఆ మంచి కణాలు మళ్ళీ కోలుకోగలవు. వాటికి వ్యవధి ఇవ్వడానికే చికిత్సను ఒకేసారి కాకుండా రెండు, మూడు వారాలకొకసారి చొప్పున విడతలుగా ఇస్తారు. ఒక్కొక్క విడతను సైకిల్ అంటారు.

ఈ చికిత్స చరిత్రలో ఒక తెలుగువాని పేరు సుస్థిరంగా ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా వెళ్ళి, తరువాత లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లానికి పోటీగా నిలిచి కణవిభజనను అడ్డుకునే మందులు అక్కడ తయారయ్యాయి. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాటిని రక్తకాన్సర్ సోకిన పిల్లలపై ప్రయోగించి, 1948లో ఫలితాలు ప్రకటించారు. తీవ్రస్థితిలో ఉన్న 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగానైనా వ్యాధి ఉపశమించింది. అంతకుముందు ఆ వ్యాధికి మందన్నదే లేదు. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే కన్నుమూశారు. 1995లో ఆయన శతజయంతికి మన తపాలాశాఖ స్మారక బిళ్ళ విడుదల చేసింది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ అనే మందును నేటికీ వాడుతున్నారు. "ఈ విషపు మందులు మన ఒంటికి పడవు" అని పెద్దవారెవరైనా అన్నప్పుడు, ఆ మందుల తొలి తరంలో ఒకదానికి మన గోదావరి జిల్లాలతో బాంధవ్యమున్నదని చెప్పవచ్చు.

ఎక్కడ చేయించుకోవాలి?

రాజధాని ప్రాంతంలో ఉన్నవారికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉన్నది. ఎయిమ్స్ ఆవరణలోని డాక్టర్ అంబేద్కర్ రోటరీ కాన్సర్ ఆసుపత్రి, హర్యానాలోని ఝజ్జర్ జిల్లాలో ఎయిమ్స్ వారే నడుపుతున్న జాతీయ కాన్సర్ సంస్థ, దిల్షాద్ గార్డెన్‌లోని ఢిల్లీ రాష్ట్ర కాన్సర్ సంస్థ ప్రభుత్వ రంగంలో ఉన్నవి. రోహిణిలోని రాజీవ్ గాంధీ కాన్సర్ సంస్థ 1996 నుండి సేవలందిస్తున్నది. ఇవిగాక ప్రైవేటు ఆసుపత్రులు అనేకం. "సొంత ఊరికి వెళ్ళి చేయించుకుందామా?" అన్న ప్రశ్న కూడా తెలుగు కుటుంబాలలో తప్పక వస్తుంది. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖపట్నం హోమీ భాభా ఆసుపత్రి వంటివి అక్కడా ఉన్నాయి. సాధారణంగా కనిపించే కాన్సర్లకు ప్రామాణికమైన మందుల విధానం ఏ మంచి కేంద్రంలోనైనా ఇంచుమించు ఒక్కటే. కనుక పెద్ద పేరుకన్నా, పక్కన ఉండి చూసుకునేవారు ఎక్కడున్నారు, అర్ధరాత్రి అవసరమైతే ఎంతసేపట్లో చేరగలము అన్నవి ముఖ్యం. చికిత్స నిమిత్తం రైలులో ప్రయాణించే కాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతులలో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ ఉన్నవి. ఇందుకు ఆసుపత్రి వారినుండి రైల్వే నిర్ణీత పత్రంలో ధ్రువీకరణ తీసుకొనవలెను.

వెళ్ళేముందు అడగవలసినవి

ఒక 100 పేజీల నోటుబుక్కు కొనండి. ఇది మాకు ముగ్గురు వేరువేరుగా చెప్పిన సలహా. వైద్యునివద్ద అడగవలసినవి ముందే అందులో వ్రాసుకోవాలి: ఈ చికిత్స వ్యాధి నిర్మూలనకా, శస్త్రచికిత్సకు ముందు గడ్డను తగ్గించడానికా, తరువాత తిరగబెట్టకుండానా, లేక అదుపులో ఉంచడానికా? మందుల పేర్లేమిటి? ఎన్ని సైకిళ్ళు, ఎన్ని రోజులకొకసారి? రాత్రివేళ జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి, ఎక్కడికి రావాలి? చివరి ప్రశ్నకు సమాధానం లేకుండా ఆ గదినుండి బయటికి రావద్దు.

రక్తపరీక్షలు, మూత్రపిండాలు, కాలేయం పనితీరు పరీక్షలు, హెపటైటిస్ బి పరీక్ష ముందుగా జరుగుతాయి. కొన్ని మందులు గుండెపై ప్రభావం చూపుతాయి గనుక ఎకో పరీక్ష కూడా చేయిస్తారు. పుచ్చిన పన్ను, చిగుళ్ళ వాపు ఉంటే వైద్యుని అనుమతితో ముందే బాగుచేయించుకోవడం మేలు. రక్తకణాలు తగ్గినప్పుడు అదే పన్ను పెద్ద సంక్రమణకు మూలం కావచ్చును. వయసులో ఉన్నవారు, అవివాహితులు, బిడ్డలు కావాలనుకునేవారు సంతాన సామర్థ్యాన్ని గురించి మొహమాటం లేకుండా చికిత్సకు ముందే అడగాలి. వీర్యాన్నీ అండాలనూ భద్రపరచే సదుపాయాలు నేడు ఉన్నాయి. తరువాత అడిగితే ప్రయోజనం ఉండకపోవచ్చును.

ప్రస్తుతం వాడుతున్న మందులన్నీ చెప్పాలి. హోమియో మాత్రలు, తిప్పతీగ కషాయం, గోధుమగడ్డి రసం, బంధువులు పంపిన చూర్ణం కూడా ఆ జాబితాలో ఉండాలి. వాటిలో కొన్ని కాలేయంపై భారం మోపవచ్చును, మందు పనితీరును మార్చవచ్చును. మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్తపడాలి. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ మందుతో చక్కెర కొన్ని రోజులు పెరుగుతుంది.

కాగితాల సంగతి

ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనకు వైద్య సదుపాయం ఉండడం అదృష్టమే. కానీ కాగితం సరిగా లేక తొలిరోజు కౌంటరువద్ద గంటలు గడిపినవారున్నారు. రిఫరల్ పత్రం ఒక్క సైకిలుకా, మొత్తం చికిత్సకా అన్నది మన వైద్య విభాగంలో ముందే తెలుసుకోవాలి. గుర్తింపు కార్డు, బయాప్సీ రిపోర్టు, స్కాను ఫలితాలు, బిల్లులు ఒకే ఫైలులో తేదీలవారీగా ఉంచి, అన్నింటికీ నకళ్ళు తీయించాలి. మందులు స్వయంగా కొనవలసివస్తే 2015లో ఎయిమ్స్‌లో మొదలైన అమృత్ దుకాణాలలో ధర విచారించండి. వాటిని నడుపుతున్నది మన సోదర ప్రభుత్వరంగ సంస్థ హెచ్.ఎల్.ఎల్. లైఫ్‌కేర్. 2019లో 42 కాన్సర్ మందులపై వర్తకుల లాభాన్ని 30 శాతానికి ప్రభుత్వం పరిమితం చేసింది కూడా. కనుక రెండు మూడు చోట్ల విచారించడం వృథా కాదు.

ఆ రోజు

ముందురాత్రి తేలికగా భోజనం చేసి పడుకోవాలి. వైద్యులు వద్దంటే తప్ప ఖాళీ కడుపుతో వెళ్ళనక్కరలేదు. రెండు ఇడ్లీలు, కాస్త పలుచని మజ్జిగ చాలు. చేతిని పైకి మడవడానికి వీలైన వదులు దుస్తులు వేసుకోవాలి. ఛాతీలో పోర్టు అమర్చినవారికి ముందువైపు గుండీలున్న చొక్కా లేక జాకెట్టు సౌకర్యం. డే కేర్ వార్డులలో ఏసీ చల్లగా ఉంటుంది గనుక మే నెలలో కూడా ఒక శాలువా ఉండాలి. నీళ్ళ సీసా, బిస్కట్లు, చదువుకోవడానికి ఒక పత్రిక, ప్లాస్టిక్ సంచులు రెండు దగ్గర పెట్టుకోవాలి. నోయిడా, ఘజియాబాద్, ఫరీదాబాద్‌ల నుండి వెళ్ళేవారు ఉదయపు రద్దీకి ముందే బయలుదేరాలి. రోగి స్వయంగా బండి నడపరాదు. ఎలర్జీ రాకుండా ఇచ్చే ఇంజెక్షనుతో మగత కమ్ముతుంది.

బరువు, ఎత్తు చూసి, రక్తపరీక్ష ఫలితం సరిచూసి మందు మోతాదు నిర్ణయిస్తారు. కణాల సంఖ్య తక్కువైతే ఆ రోజు వాయిదా వేసి పంపవచ్చును. అది రక్షణ కోసమే గనుక కంగారుపడవద్దు. ముందుగా వాంతులను, ఎలర్జీని అరికట్టే మందులు, తరువాత అసలు మందు సెలైనుతోపాటు ఎక్కిస్తారు. మందునుబట్టి గంట పట్టవచ్చు, ఆరు గంటలూ పట్టవచ్చు. సూది ఉన్నచోట మంట, నొప్పి, వాపు తెలిసినా, ఒళ్ళు దురద, ఆయాసం, ఛాతీ బిగువు కలిగినా ఆ క్షణమే నర్సును పిలవాలి. "పాపం, ఆమె పనిలో ఉన్నది, కాసేపు చూద్దాం" అనే మన సహజ మర్యాద ఇక్కడ పనికిరాదు. కొన్ని మందులు నరం బయటికి కారితే చర్మాన్ని కాల్చివేస్తాయి.

డాక్సోరూబిసిన్ అనే ఎర్రని మందు ఎక్కించిన తరువాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవారికి చల్లని నీరు తాగినా, ఫ్రిజ్‌లోని గిన్నె ముట్టుకున్నా కొన్ని రోజులు ముళ్ళు గుచ్చినట్లుంటుంది. ఢిల్లీ చలికాలంలో వారు చేతితొడుగులు, గోరువెచ్చని నీరు వాడుకోవాలి.

ఇంటికి వచ్చిన తరువాత

పాత సినిమాలలో చూపినట్లు అందరికీ ఆగని వాంతులు ఉండవు. 1990ల ఆరంభంలో ఆన్‌డాన్‌సెట్రాన్ వచ్చిన తరువాత పరిస్థితి చాలా మారింది. అయితే ఆ మాత్రలను వికారం మొదలైన తరువాత కాక, చెప్పిన వేళకు ముందుగానే వేసుకోవాలి. రెండు రోజులపాటు మూత్రవిసర్జన తరువాత మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయడం, వాంతి అయిన బట్టలను చేతితొడుగులతో తీసి విడిగా ఉతకడం మంచిది. కలసి భోజనం చేయడానికి, పిల్లలను దగ్గరకు తీసుకోవడానికి అడ్డేమీ లేదు. కాన్సర్ అంటువ్యాధి కాదు.

మూడువారాల సైకిలులో సుమారుగా ఇలా ఉంటుంది. మొదటి మూడు రోజులు స్టెరాయిడ్ వలన కొందరికి నిద్రపట్టదు. ఆ తరువాత రెండు మూడు రోజులు నీరసం ముంచుకొస్తుంది. 7వ రోజు నుండి 14వ రోజు వరకు తెల్లకణాలు బాగా తగ్గే కాలం. మూడవవారంలో ఓపిక తిరిగివస్తుంది. తేదీలు నోటుబుక్కులో వ్రాసుకుంటే రెండవ సైకిలు ఇంత భయపెట్టదు.

జ్వరం: ఈ ఒక్క విషయం మరువవద్దు

ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుండాలని మా మనవి. కీమో తీసుకుంటున్నవారికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా 38 డిగ్రీల సెంటీగ్రేడ్ జ్వరం వచ్చినా, వణుకు పుట్టినా అది అత్యవసర స్థితి. తెల్లకణాలు లేనప్పుడు సామాన్యమైన సూక్ష్మజీవి కూడా కొన్ని గంటలలో ప్రాణాపాయం కలిగించగలదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలన్నది వైద్యులు పాటించే నియమం. పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడడం ప్రమాదకరం. జ్వరం తగ్గినట్లు కనిపించి సంక్రమణ ముదురుతుంది. వానలు వెలిసిన తరువాత ఢిల్లీలో ఇంటింటా డెంగీ మాట వినిపిస్తుంది. "ఇదీ అదేలే" అని సరిపెట్టుకోవద్దు.

ఒక సహోద్యోగి చెప్పిన సంగతి. ఆయన భార్యకు తొలి కీమో అయిన పదవరోజు రాత్రి 11 గంటలకు 101 డిగ్రీల జ్వరం వచ్చింది. ఆ వేళ పొరుగువారిని లేపడానికి ఆమె ఒప్పుకోలేదు. అసలు జబ్బు సంగతే పొరుగువారికి చెప్పలేదు మరి. ఉదయం 6 గంటలకు ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి రక్తపోటు పడిపోయింది. 9 రోజులు ఉన్న తరువాత ఆమె క్షేమంగా ఇంటికి వచ్చారు. "ఆ ఏడు గంటలు నేను దేనికోసం ఆగానో ఇప్పటికీ తెలియదండీ" అన్నారాయన. ఆగింది దేనికోసమో ఇది చదువుతున్న వారందరికీ తెలుసు. మాట బయటపడుతుందన్న సంకోచం. ఆ సంకోచం ఖరీదు ఒక ప్రాణం కాబోయింది.

కనుక డిజిటల్ థర్మామీటరు తప్పనిసరి. ఊరినుండి సాయం వచ్చిన అమ్మకో, అత్తగారికో హిందీ రాకపోవచ్చు. "ఈమె కీమో తీసుకుంటున్నారు. ఫలానా తేదీన ఇచ్చారు. జ్వరం వచ్చింది. వెంటనే రక్తకణాలు పరీక్షించండి" అని హిందీలోనూ ఆంగ్లంలోనూ ఒక చీటీ వ్రాసి, ఆసుపత్రి నంబరుతో ఫ్రిజ్ తలుపుమీద అంటించండి. జ్వరంతోపాటు ఆయాసం, ఎక్కడినుండైనా రక్తస్రావం, ఆగని వాంతులు, మామూలుకన్నా నాలుగైదుసార్లు ఎక్కువగా విరేచనాలు కలిగినా ఆలస్యం చేయరాదు. వైద్యుని అడగకుండా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు వేసుకోరాదు.

వంటింట్లో

పథ్యం పేరిట రోగిని ఎండగట్టవద్దు. కోలుకోవడానికి మాంసకృత్తులు కావాలి. పెసరట్టు, కందిపప్పు, బాగా ఉడికించిన గుడ్డు, అప్పుడే తోడుకున్న ఇంటి పెరుగు, రాగిజావ మంచివి. మూడుపూటల బదులు ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. వేడి వేడి పోపు వాసనకు వికారం కలిగితే, అన్నం చల్లారిన తరువాత వడ్డించండి. నోరు పూసినప్పుడు ఆవకాయను, గోంగూర పచ్చడిని కొంతకాలం జాడీలోనే ఉండనివ్వాలి. గోరువెచ్చని నీటిలో ఉప్పు, వంటసోడా చిటికెడు చొప్పున కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. వీధిలో అమ్మే గోల్‌గప్పాలు, కోసిన పండ్లు, చెరకురసం, కాచని పాలతో చేసిన పంచామృతం కణాలు తగ్గిన రోజులలో కూడదు. తీర్థం కళ్ళకద్దుకుంటే స్వామివారు ఆగ్రహించరు.

జుట్టు, మనసు

అన్ని మందులకూ జుట్టు ఊడదు. ఊడేట్లయితే తొలి మోతాదు తరువాత రెండు మూడు వారాలకు మొదలవుతుంది. ముందే పొట్టిగా కత్తిరించుకుంటే దిండుమీద కుచ్చులు చూసి కుమిలిపోయే బాధ కొంత తగ్గుతుంది. తిరుమలలో తలనీలాలు ఇచ్చే జాతి మనది. గుండు మనకు కొత్త కాదు. అయితే భక్తితో సమర్పించడం వేరు, రోగం లాక్కోవడం వేరు. పైగా స్త్రీ తలమీద జుట్టు లేకపోవడానికి మన సమాజం ఒకనాడు అంటగట్టిన అర్థం పెద్దవారి మనసులలో ఇంకా పూర్తిగా చెరగలేదు. కనుక "జుట్టే కదా, మళ్ళీ వస్తుంది" అని తేలికగా తీసివేయకండి. చికిత్స ముగిసిన తరువాత సాధారణంగా మళ్ళీ వచ్చే మాట నిజమే. కానీ ఏడవాలనిపించినప్పుడు ఏడవనివ్వడం కూడా పరిచర్యలో భాగమే.

తొలి కీమో తరువాత "ఇక నావల్ల కాదు" అని మానివేయాలనిపించేవారు ఎందరో. మానేముందు వైద్యునితో మాట్లాడాలి. వాంతుల మందు మార్చవచ్చు, మోతాదు సవరించవచ్చు, తెల్లకణాలు పెరిగే ఇంజెక్షను ఇవ్వవచ్చు. చెప్పకుండా మానితే ఇవేవీ సాధ్యం కావు. కాన్సర్ రోగుల ఇళ్ళకే వెళ్ళి ఉచితంగా ఉపశమన సేవలందించే కాన్‌సపోర్ట్ అనే సంస్థ 1996 నుండి ఢిల్లీలో పనిచేస్తున్నది. నొప్పి, దిగులు భరించవలసినవి కావనీ, వాటికీ వైద్యమున్నదనీ అటువంటివారు నిరూపించారు.

సహోద్యోగులుగా మనం

పరామర్శకు గుంపుగా వెళ్ళకండి. జలుబు ఉంటే అసలే వెళ్ళకండి. ఫలానావారు ఈ జబ్బుతోనే పోయారని చెప్పకండి. దానికి బదులు ఒక ఉదయం కారు తీసుకువెళ్ళి ఆసుపత్రివద్ద దింపండి. వారి పిల్లలకు మధ్యాహ్నం క్యారియరు పంపండి. రక్తం, ప్లేట్‌లెట్లు అవసరమైతే ఇవ్వగలవారి పేర్లు విభాగంలో వ్రాసి ఉంచండి. "రాత్రి ఏ వేళయినా తలుపు తట్టండి" అని ఒక్కమాట నోరు తెరిచి చెప్పండి. పైన చెప్పిన ఆ ఇంటికి ఆ రాత్రి కావలసింది ఆ ఒక్కమాటే.

ఈ వ్యాసం వైద్యుని సలహాకు ప్రత్యామ్నాయం కాదని వేరే చెప్పనక్కరలేదు. మన కుటుంబాలలో ఈ చికిత్సకు సిద్ధమవుతున్న సోదర సోదరీమణులందరూ త్వరగా స్వస్థత పొందాలని మనసారా కోరుకుంటున్నాము. ఈ పుటను మాత్రం చించి, ఆ చీటీ పక్కనే అంటించుకోవలసిందని మనవి.